సర్జాపుర రోవర్స్ గెలిచిన ఏడాది

గెలిచినందుకు మా అన్న ముఖం మాడ్చుకోవడం నేను మొదటిసారి చూసింది ఆ మార్చి నెలలోనే.

ఆ సాయంత్రం బెంగళూరులో మా సర్జాపుర రోవర్స్ జట్టు గోవా నుంచి వచ్చిన జట్టును ఓడించి లీగులో మొదటి స్థానానికి ఎక్కింది. దేశంలో రెండో స్థాయి ఫుట్‌బాల్ లీగు అది. సీజను చివర మొదట నిలిచిన ఒక్క జట్టే పై లీగుకు వెళ్తుంది. మ్యాచి చూడ్డానికి వచ్చినవాళ్ళు వెయ్యి మందికి మించరు గాని, వాళ్ళ గోలకు స్టేడియం నిండిపోయినట్టే ఉంది. మా నాన్న జయరామప్ప మైదానం గీత పక్కనే నిలబడి, చెమటతో తడిసిన చొక్కాలను కూడా పట్టించుకోకుండా ఆటగాళ్ళను ఒక్కొక్కరినీ కావలించుకుంటున్నాడు.

నాన్న ఒకప్పుడు ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పనిచేస్తూ ఆ ఫ్యాక్టరీ జట్టుకే ఆడినవాడు. ఆ జట్టు మూతపడ్డాక, వర్తూరు దగ్గర తన వాటాకు వచ్చిన పొలం బిల్డరుకు అమ్మి ఈ క్లబ్బు పెట్టాడు. దాని జమాఖర్చులు మా అన్న అశోక్‌కుమార్ చూస్తాడు. అన్నకు సర్జాపుర రోడ్డులో సిమెంటు, కమ్మీల దుకాణం ఉంది. నేను ఫిజియోథెరపిస్టును. సగం పూట ఆస్పత్రిలో, సగం పూట జట్టుతో.

ఇంటికి తిరిగి వస్తుంటే ట్రాఫిక్‌లో కారు ఆగింది. అన్న స్టీరింగు మీద వేళ్ళు ఆడిస్తూ ముందు లారీని చూస్తున్నాడు.

"ఏమన్నా, అట్లుండావు?" అన్నాను.

"సహనా, మనం ఇట్లే గెలిస్తే పైకి పోతాం. పోతే ఏమవుతాదో తెలుసునా నీకు?"

"ఏమవుతాది?"

"ఇప్పుడు ఆడేదానికే దుకాణంలో వచ్చేదంతా దీంట్లో పోస్తాండా. పై లీగంటే లైట్లుండే స్టేడియం బాడుగకి తీసుకోవల్ల. దేశమంతా విమానాల్లో తిరగల్ల. ఫారిన్ ఆటగాళ్ళని తేవల్ల. చిన్నపిల్లోళ్ళ జట్లు వేరే పెట్టల్ల, బ్యాంకు గ్యారంటీ కట్టల్ల. మనం టికెట్లు అమ్మితే వచ్చేది పోలీసోళ్ళ బందోబస్తుకి కూడా చాలదు."

"స్పాన్సరు ఉండాడు కదా?"

"జెర్సీ మీద పేరేసుకున్న అపార్ట్‌మెంటోడా? ఉగాదికి ఇస్తానంటాండాడు. ఏ ఉగాదికో చెప్పలా."

నాకు నవ్వొచ్చింది. అన్న నవ్వలేదు.

"నాన్నకి చెప్పినావా?"

"చెప్తే వింటాడా? పైకి పోతే దుడ్డు దానంతట అదే వస్తాదంట."

లారీ కదిలింది. అన్న కారును దాని వెనకే పోనిచ్చాడు.

*

మా మైదానం సర్జాపుర దాటాక ఊరి బయట ఉంది. అది అమ్మ చేను. పెళ్ళప్పుడు మా తాత అమ్మ పేర రాసిచ్చిన మెట్ట. ఒకప్పుడు రాగులు పండేవి. నాన్న దాన్ని చదును చేయించి గడ్డి వేయించాడు. ఒక అంచున జట్టుకు రేకుల గదులు, ఇంకో అంచున అమ్మ ఆవులకు కొట్టం. మైదానంలో మిషనుతో కోసిన గడ్డి ఆవులకే. తెల్లారి ప్రాక్టీసు మొదలయ్యేసరికి అమ్మ పాలు పితకడం అయిపోయేది. మా అమ్మ సొన్నమ్మకు ఫుట్‌బాల్ గురించి తెలిసింది తక్కువ. స్టేడియానికి ఎప్పుడూ రాలేదు. కాని పొద్దున మైదానానికి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో ఆమెకు తెలియకుండా ఉండేది కాదు.

ఆ వేసవి బెంగళూరంతా నీళ్ళకు అల్లాడింది. మా బోరు ఎండిపోయింది. అపార్ట్‌మెంట్ల వాళ్ళు రెట్టింపు ఇస్తుంటే ట్యాంకర్ల వాళ్ళు మా వైపు తిరిగి చూడటం మానేశారు. గోలు ముందర గడ్డి కొబ్బరి పీచులా తయారైంది. ఆటగాళ్ళు పడితే మోకాళ్ళు, మోచేతులు గీసుకుపోయేవి. నా దగ్గర దూది, మందు తప్ప ఇంకేమీ ఖర్చయ్యేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం గిరిధర్ వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. తన సాఫ్ట్‌వేర్ కంపెనీ అమ్మేశాక, విశాఖపట్నంలో ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టాలనుకునే కొందరి తరఫున తిరుగుతున్నాడు. నాన్న ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది.

"సర్, నేను ఫ్రాంక్‌గా చెప్తానండి," అన్నాడు గిరిధర్. "మీ టీమ్ టాప్‌లో ఫినిష్ అయితే ఆ స్లాట్ మేం కొంటాం. క్లబ్ వైజాగ్‌కి షిఫ్ట్ అవుతుంది. కొత్త పేరు, కొత్త జెర్సీ. మీకున్న బాకీలన్నీ మేమే క్లియర్ చేస్తాం."

"కింద లీగులోనే ఉండిపోతే?" అన్న అడిగాడు.

"అప్పుడు మా ఇన్వెస్టర్లకి ఇంట్రెస్ట్ లేదండి. మీకు అబద్ధం చెప్పి ఏం లాభం?"

నాన్న మైదానం వైపు చేయి చూపించాడు. "మరి ఈ గ్రౌండు?"

"గ్రౌండ్ మాకు అవసరం లేదు సర్."

"పేరు వద్దంటావు. ఊరు వద్దంటావు. గ్రౌండు వద్దంటావు. మరి నువ్వు కొనేది ఏమప్పా?"

గిరిధర్‌కు కోపం రాలేదు. "మీ వాళ్ళు గెలుచుకున్న చోటు సర్," అన్నాడు. "మీ ప్లేస్‌లో ఉంటే నాకూ బాధగానే ఉంటుంది. ఆలోచించి చెప్పండి."

మజ్జిగ గ్లాసు తీసుకెళ్ళి తనే కొట్టం దగ్గర తొట్టి గట్టు మీద పెట్టి వెళ్ళాడు. అతన్ని తిట్టుకోవడానికి అదొక్కటి అడ్డం వచ్చింది నాకు.

*

ఇంట్లో మాటలు పెరిగింది ఉగాది మరుసటి దినం. అమ్మ రాగి ముద్ద, ఆకుకూర ఉడికించిన నీళ్ళతో కాచిన బస్సారు వడ్డిస్తోంది. నాన్న కంచంలో చేయి పెట్టకుండానే మొదలుపెట్టాడు.

"చేను బ్యాంకులో పెడదాం. ఒక ఏడాది పై లీగులో నిలిస్తే చాలు. టీవీలో కనపడినాక స్పాన్సర్లు వాళ్ళే వస్తారు."

"నిలవకపోతే?" అన్నాడు అన్న.

"నిలుస్తాం."

"గిరిధర్‌కి ఇచ్చేసేది మేలు నాన్నా."

"నా పిల్లోళ్ళని అమ్మమంటావా?"

"పిల్లోళ్ళకి జీతాలు ఇచ్చి ఎన్నాళ్ళయింది? అది గుర్తుండాదా నీకు?"

ఆటగాళ్ళలో ఒక్కడు కూడా నోరు తెరిచి జీతం అడగలేదు. అడగకపోవడమే నాన్నకు ఎక్కువ బాధ అని మాకు తెలుసు. మిజోరం కుర్రవాళ్ళు ఇద్దరు ఇంటికి పంపాల్సిన డబ్బుకోసం సాయంత్రాలు బైకుల మీద భోజనాల పార్సిళ్ళు అందిస్తున్నారని నాకు తెలిసి కూడా చెప్పలేదు.

అమ్మ ఇంకొంచెం బస్సారు పోసి లోపలికి వెళ్ళిపోయింది. చేను ఎవరిదో ఆ పూట మాలో ఎవరికీ గుర్తు రాలేదు.

*

ఏప్రిల్ చివరికి లెక్క చాలా సులువైపోయింది. చివరి మ్యాచి ఓడిపోకుంటే మేము మొదట. ఓడిపోతే, ఆ మ్యాచిలో మాతో ఆడబోయే షిల్లాంగ్ జట్టు మొదట.

మా కెప్టెన్ అంజి వర్తూరు మనిషి. ముప్పై దాటిన డిఫెండరు. మొదటినుంచీ మా క్లబ్బులోనే ఉన్నాడు. పెద్ద జట్లు పిలిచిన వయసులో వాళ్ళ నాన్నకు జబ్బు చేసి వెళ్ళలేకపోయాడు. అంతకుముందు మ్యాచిలో అతని కుడి మోకాలు వాచింది. అతను లేకుంటే మా వెనక వరుస నిలవదని చూసేవాళ్ళందరికీ తెలుసు.

మ్యాచికి రెండు రోజుల ముందు అన్న నా గదికి వచ్చాడు. రేకుల గది, ఒక మంచం, ఐసు పెట్టె. అన్న తలుపు దగ్గరగా వేసి ఐసు పెట్టె మీద కూర్చున్నాడు.

"అంజి మోకాలు ఎట్లుండాది?"

"వాపు తగ్గింది. సాయంత్రం మళ్ళా చూడల్ల."

"ఆడలేడని నువ్వు చెప్తే కోచ్ ఎదురు మాట్లాడడు కదా?"

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక అన్న ముఖం చూడలేకపోయాను.

"ఏమి అడగతాండావో తెలిసే అడగతాండావా అన్నా?"

"తెలిసే. ఓడిపోతే ఏమీ పోదు సహనా. గిరిధర్ రాడు. చేను బ్యాంకుకి పోదు. కింద లీగులో ఇంకో ఏడు ఎట్లనో ఈడుస్తాం. గెలిస్తేనే, యాదో ఒకటి పోతాది." గొంతు తగ్గించాడు. "అబద్ధం చెప్పమనడంలా. అనుమానంగా ఉండాదని అను. చాలు."

అన్న గడ్డం పెరిగి ఉంది. కళ్ళ కింద నల్లబడింది. వదిన చేతులకు బంగారు గాజులు కనపడక చాలా రోజులైందని అప్పుడు గుర్తొచ్చింది. ఎందుకని నేనూ అడగలేదు. మనిషి చెడ్డవాడైతే కోప్పడి పంపించేదాన్ని. కోపం రాలేదు.

"పో అన్నా. సాయంత్రం చూస్తా," అన్నాను.

సాయంత్రం అంజి వచ్చి మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. మోకాలు వంచి చూశాను, పక్కలకు నొక్కి చూశాను, ఒంటికాలి మీద నిలబడమన్నాను, గెంతమన్నాను. గెంతాడు. మళ్ళీ పడుకోమని మళ్ళీ వంచి చూశాను. నా చేతులకు మొదటిసారే తెలిసిపోయింది. ఊరికే ఆలస్యం చేస్తున్నాను.

"ఏమి సహనమ్మా, అంతసేపు చూస్తాండారు? కాలు తీసేయల్నా ఏమి?"

నేను నవ్వలేకపోయాను. అన్న అడిగింది తప్ప మిగిలినదంతా చెప్పాను. గిరిధర్ మాట, బ్యాంకు మాట, గెలిస్తే క్లబ్బు వెళ్ళిపోతుందో, చేను వెళ్ళిపోతుందో తెలియదన్న మాట. అంజి మోకాలికి కట్టు తనే చుట్టుకుంటూ విన్నాడు.

"మాకి తెలుసు," అన్నాడు. "ఆ గిరిధర్ కారు వచ్చిన పొద్దే పిల్లోళ్ళందరికీ తెలిసిపాయ."

"తెలిసి కూడా ఇట్ల ఆడతాండారా?"

"ఏమి చేయమంటారు? పై లీగు నేను టీవీలోనే చూసినా. ఇప్పుడు గుమ్మం ముందర నిలబడుండా. లోపలికి పోనీండి. ఆ ఇల్లు ఎవరిదో తర్వాత చూసుకుందాం." కట్టు చివర బిగించి నా వైపు చూశాడు. "మోకాలు ఆడనిస్తాదా, లేదా? మీరు చెప్పాల్సింది అదొక్కటే. మిగిలింది మీ ఇంటి పని."

"ఆడనిస్తాది," అన్నాను.

బయటికి వచ్చి కోచ్‌కు కూడా అదే చెప్పాను. అన్న కొట్టం దగ్గర బైకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. విన్నాడు. బైకు తీసి దుకాణానికి వెళ్ళిపోయాడు.

*

ఆ మ్యాచి ఆట కన్నా కొట్లాటలా సాగింది. ఎండ, దుమ్ము, ఈలలు. వాళ్ళు ముందు గోల్ వేశారు. రెండో సగంలో మా మిజోరం కుర్రవాళ్ళలో చిన్నవాడు దాన్ని సమం చేశాడు. ఆ తర్వాత మావాళ్ళకు కాళ్ళు ఆడలేదు. షిల్లాంగ్ వాళ్ళు అలలు అలలుగా వచ్చి పడుతూనే ఉన్నారు. ఒక బంతి స్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది. ఇంకొకటి గీత దాటబోతుంటే అంజి తలతో అడ్డుకుని, నేల మీద పడి లేచాడు. నేను మందుల పెట్టె పట్టుకుని సగం దూరం పరుగెత్తాను. వద్దని చేయి ఊపాడు.

ఆటగాళ్ళు బయటికి వచ్చే దారి దగ్గర అన్న ఒక్కడే నిలబడ్డాడు. చివరి నిమిషాల్లో ఆ గోలలో ఒక గొంతు అందరినీ మించి వినపడింది. "తన్నరా! బయటికి తన్నరా అంజీ!" తిరిగి చూస్తే అన్న. మెడ నరాలు ఉబ్బిపోయి, రెండు చేతులూ ఎత్తి అరుస్తున్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లో అనుకున్నాను: ఓడిపోవాలని కోరుకున్న మనిషి, కళ్ళముందు ఓడిపోతుంటే ఓర్చుకోలేకపోయాడు.

స్కోరు సమంగా ఉండగానే విజిల్ మోగింది, లీగులో మేమే మొదట. నాన్న గడ్డి మీద కూర్చుండిపోయాడు. అంజి వచ్చి ఆయనను లేపి భుజాల మీద ఎక్కించుకోబోతే, "నీ మోకాలు, నీ మోకాలు" అని నేను అరిచాను. ఎవరూ వినలేదు.

*

బ్యాంకు వాళ్ళు కాగితాలు ఇచ్చింది మే నెల మొదట్లో. నాన్న వాటిని పట్టుకుని నేరుగా కొట్టం దగ్గరికే వచ్చాడు. నేనూ అన్నా కూడా అక్కడే ఉన్నాం. అమ్మ ఆవుకు చిట్టు కలుపుతోంది.

"సొన్నా, చెయ్యి కడుక్కొని రా. సంతకం పెట్టల్ల."

అమ్మ చెయ్యి కడుక్కుని పైటకు తుడుచుకుంది. కాగితాలు తీసుకోలేదు.

"గెలిస్తే దుడ్డు వస్తాదంటివి. గెలిచినారు కదా. వచ్చిందా?"

"ఇప్పుడే యాడ వస్తాది? పైన ఆడినాక వస్తాది."

"పైన ఓడిపోతే?"

నాన్న కాగితాలను ఇంకొంచెం ముందుకు చాపాడు.

అమ్మ మైదానం వైపు చూసింది. సెలవుల్లో ఊరి పిల్లలు, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి, ఎండిన ఆ గడ్డి మీదే ఒక పాత బంతి వెనక పడి తిరుగుతున్నారు.

"నేను పెట్టనప్పా," అంది అమ్మ. "ఇది పోతే వీళ్ళు యాడికి పోతారు?"

అంతే. మళ్ళీ చిట్టు కలపడానికి కూర్చుంది. ఆమె గొంతు పెంచలేదు, నాన్న వైపు చూడనూ లేదు. మా ఇంట్లో అమ్మ కాదనడం నేను చాలా అరుదుగా విన్నాను. నాన్న కాగితాలను చేతిలో ఆ వైపూ ఈ వైపూ తిప్పాడు. పిల్లల అరుపులకు అటు తిరిగి, వాళ్ళ ఆటను చాలాసేపు చూశాడు. అన్న కోరుకున్నదే జరిగింది గాని, సంతోషించినట్టు కనపడలేదు.

వారం తిరగక ముందే నాన్న గిరిధర్‌ను పిలిపించాడు. క్లబ్బు ఇస్తానని చెప్పి రెండు షరతులు పెట్టాడు. ముందు ఆటగాళ్ళ జీతాలు, ఆ తర్వాతే సంతకాలు. పైన ఒక ఏడాది ఆడేదాకా వీళ్ళలో ఎవరినీ తీసెయ్యకూడదు. గిరిధర్ ఒప్పుకున్నాడు. తన వైపునుంచి ఇంకొకటి అడిగాడు: అశోక్‌కుమార్‌ను కూడా పంపించమని. "ఇంత తక్కువ డబ్బుతో టీమ్‌ని టాప్‌కి తెచ్చిన మేనేజర్ నాకు ఎక్కడ దొరుకుతాడు సర్?" అన్నాడు.

నాన్న పడీపడీ నవ్వాడు. అన్న నవ్వలేదు, కాని వెళ్ళనని కూడా అనలేదు.

*

జూన్‌లో అన్నను విశాఖ రైలు ఎక్కించడానికి నేనే వెళ్ళాను. దుకాణం వదిన చూసుకుంటోంది. పిల్లల బడి ఏర్పాటయ్యాక తనూ వెళ్తానంది. ప్లాట్‌ఫారం మీద సామాను పక్కన నిలబడి ఉండగా అన్న ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ పొద్దు నేను అడిగింది నాన్నకి చెప్పినావా?"

"లేదు."

"అంజికి?"

"లేదన్నా."

తల ఊపాడు. "నువ్వు ఒప్పుకొని ఉంటే, క్లబ్బు ఈడనే ఉండేది సహనా. ఇంకో ఏడు."

"ఉండేది."

"ఆ ఇంకో ఏడు కోసం నేను మీ వదినని మళ్ళా ఏమడిగి ఉంటానో తెల్దు," అన్నాడు. రైలు వచ్చింది. పెట్టెలు ఎక్కించాక నా తల మీద చెయ్యి పెట్టి, చిన్నప్పుడు చేసినట్టు జుట్టు చెరిపేశాడు.

సర్జాపుర రోవర్స్ అన్న పేరును గిరిధర్ వాళ్ళు ఎలాగూ వద్దన్నారు గనుక అది మా దగ్గరే మిగిలింది. నాన్న ఆ పేరుతోనే జిల్లా లీగులో అన్నిటికన్నా కింది డివిజనులో జట్టు కట్టాడు. కాలేజీ కుర్రవాళ్ళు, ఒక ఎలక్ట్రీషియను, అపార్ట్‌మెంట్లలో ఉండే ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. జీతాలు లేవు. మ్యాచి అయ్యాక ఇడ్లీ, కాఫీ. వానలు పడి మైదానం మళ్ళీ పచ్చబడింది.

సెప్టెంబరులో ఒకే ఆదివారం రెండు మ్యాచులు పడ్డాయి. పొద్దున మా కొత్త జట్టు బురదలో ఆడి చిత్తుగా ఓడిపోయింది. సాయంత్రం విశాఖ జట్టు పై లీగులో మొదటిసారి దిగింది. నాన్న టీవీకి దగ్గరగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అంతా కొత్త రంగులు, కొత్త పాట, స్టేడియం నిండా జనం. కెమెరా ఒక్కొక్క ముఖాన్నే చూపిస్తూ వచ్చింది. అంజి దగ్గరికి రాగానే అతను దవడ బిగించి నేరుగా ముందుకే చూస్తున్నాడు.

అమ్మ చేతి పని వదిలేసి వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"వీళ్ళల్లో మనోళ్ళు ఎవరు?" అని అడిగింది.

ఆట మొదలైంది.

"మనోళ్ళు పొద్దున ఓడిపోయినారు కదమ్మే," అన్నాడు నాన్న. "వీళ్ళు... వీళ్ళు బాగా ఆడతాండారు. వచ్చి కూర్చో."

అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. అంతలో అంజి కాలికి బంతి దొరికింది. నాన్న కుర్చీలోంచి సగం పైకి లేచాడు.